హ్యాండిల్ దించే సారు

ఆయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నా బల్ల మీద ఆయన శిష్యుడొకడు బోర్లా పడుకుని ఉన్నాడు. తిరుపతిలో నాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. మెడలు, నడుములు, మోకాళ్లు నా వ్యాపారం. ఆ శిష్యుడిది మెడ. బల్లకు ముఖం ఆనించే చోట ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి కిందికి చూస్తూ, ఫోన్ నేల దగ్గర పట్టుకుని, మా సైకిల్ గ్రూపు మెసేజీలు చదువుకుంటున్నాడు. ఉన్నట్టుండి "అయ్యో సార్" అని ఏడుపందుకున్నాడు.

"ఏడ్చేదుంటే లేచి కూర్చోని ఏడువప్పా. పడుకోని ఏడిస్తే మెడ ఇంగా పట్టుకుంటాది" అన్నాను.

లేచి కూర్చున్నాడు. మెడ తిరగదు కాబట్టి మనిషి మొత్తం నా వైపు తిరిగి, "మన సార్ పోయినాడు మేడం. మధ్యాహ్నం బువ్వ తిని పడుకున్నోడు లేయలేదంట. గుండెంట" అన్నాడు.

అతని మెడ అలా కావడానికి కారణం ఆ సారే. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ క్షణంలో ఇద్దరం దాని ఊసెత్తలేదు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. నా శాయశక్తులా ప్రయత్నిస్తాను.

ఆయన పేరు ఇక్కడ అక్కర్లేదు. మా గ్రూపులో ఎవరూ ఆయన్ను పేరుతో పిలిచింది లేదు. సార్ అంటే ఆయనే. ఉద్యోగంలో ఉన్నంతకాలం రోడ్లు వేయించిన ఇంజనీరు. ఆయన వేయించిన రోడ్లు ఏవో మాకు తెలుసు, అటువైపు మేము సైకిళ్లు తీసుకుపోయేవాళ్లం కాదు. రిటైరయ్యాక రోడ్లను వదిలేసి, రోడ్డు మీద పోయేవాళ్లను బాగుచేయడానికి పూనుకున్నాడు.

సైకిల్ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. రేసు సైకిల్‌లో హ్యాండిల్‌ను బండికి కలిపే పొట్టి ముక్కను స్టెమ్ అంటారు. దాని కింద ఉంగరాల్లాంటి చుట్లు ఉంటాయి. అవి కింద ఉన్నంతసేపూ హ్యాండిల్ పైకి ఉంటుంది, మనిషి కాస్త నిటారుగా కూర్చుంటాడు. ఆ ఉంగరాలు తీసి స్టెమ్ పైన తొడిగితే హ్యాండిల్ కిందికి దిగుతుంది, మనిషి ముందుకు వంగుతాడు. ఎవరు ఎంత వంగాలన్నది వాళ్ల నడుమును బట్టి, చేతుల పొడవును బట్టి, వయసును బట్టి ఉంటుంది. ఆయన దగ్గర ఈ తేడాలేవీ లేవు. అందరికీ ఒకటే వైద్యం. ఉంగరాలన్నీ పైకి, హ్యాండిల్ అడుక్కి.

ఆదివారం తెల్లవారుజామున జూపార్కు రోడ్డులో గ్రూపు చేరేది. ఆయన అందరికంటే ముందే వచ్చి, వచ్చే ప్రతి సైకిల్‌నూ సంతలో ఎద్దును చూసినట్టు చూసేవాడు. సన్నగా, పొడుగ్గా, నెరిసిన మీసంతో ఉండేవాడు. ఒక కన్ను మూసి, బొటనవేలు ముందుకు చాచి, సీటు ఎత్తూ హ్యాండిల్ ఎత్తూ బేరీజు వేసేవాడు. తర్వాత "ప్చ్" అనేవాడు. ఆ "ప్చ్" వింటే చాలు, కాలేజీలో వందమందిని గడగడలాడించే లెక్చరర్లు కూడా నేల చూపులు చూసేవారు.

"ఏమప్పా, పాలు పొయ్యేదానికి పోతా ఉండావా? హ్యాండిల్ ఆకాశంలో ఉండాది" అనేవాడు. ఆ మాట పడ్డవాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు. వెంటనే ఆయన నడుముకు వేలాడే, బోల్టులు విప్పే అలెన్ కీల గుత్తి గలగలమనేది. బోల్టులు వదులు చేయడం, ఉంగరాలు పైకెక్కించడం, బిగించడం క్షణాల్లో అయిపోయేది. చివర్లో ఎక్కి కూర్చున్నవాడి వీపు మీద అరచెయ్యి పెట్టి ఒక నొక్కు నొక్కేవాడు. "ఇంగొంచెం. ఇంగొంచెం వంగు. ఆ. ఇప్పుడు మనిషివైనావు."

అడగనివాళ్లకు కూడా చేసేవాడు. చంద్రగిరిలో టిఫిన్‌కు ఆగేవాళ్లం. మేము పొంగలి తింటుంటే ఆయన బయట నిలబెట్టిన సైకిళ్ల మధ్య తిరిగేవాడు. చేయి కడుక్కుని వచ్చేసరికి ఎవరిదో ఒకరి హ్యాండిల్ దిగిపోయి ఉండేది. నా సైకిల్ జోలికి మాత్రం ఒకేసారి వచ్చాడు. "నా హ్యాండిల్ మీద చెయ్యి పడితే ఆ చేతికి కట్టు కూడా నేనే కడతాను సార్" అన్నాను. అప్పటినుంచి నన్ను "నొక్కుడు డాక్టరమ్మ" అని పిలిచేవాడు.

దించడమనే జబ్బు సైకిళ్లతో ఆగలేదు. ఎవరింట్లోనో గృహప్రవేశానికి పోయి మైకు దించితే, మాట్లాడడానికి లేచినవాళ్లంతా దానికి దండం పెడుతున్నట్టు వంగి మాట్లాడారు. నా క్లినిక్ తెరిచిన రోజు అందరికంటే ముందు వచ్చి నా తిరుగుడు స్టూలు దించి పెట్టాడు. నేను చూసుకోకుండా కూర్చోబోయి, అతిథులందరి ముందూ దభీమని కూలబడ్డాను. "ఆ ఎత్తే నీకు సరిపోతాదమ్మా" అన్నాడాయన, నన్ను లేపకుండా.

ఇంత జరుగుతున్నా జనం ఆయన వెంట ఎందుకు పడ్డారని నేను చాలాసార్లు ఆలోచించాను. నేను రోగితో "చూద్దాం, వారం పోయినాక మళ్లీ రండి" అంటాను. ఆయన "దించు" అనేవాడు. నలభై దాటి, పొట్ట పెరిగి, డాక్టరు భయపెడితే సైకిల్ కొన్నవాళ్లకు ఏ మాట రుచిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆయన తొక్కుతుంటే చూడ్డానికి నిజంగానే బాగుండేవాడు. మడిచిన గొడుగులాగా, గాలిలో గీత గీసినట్టు పోయేవాడు. వెనకాల ఈ బరువైన మనుషులంతా అలాగే వంగి, ఆయాసపడుతూ, తమ పొట్టల్ని తమ తొడలతోనే తన్నుకుంటూ పోయేవారు.

సోమవారం నా క్లినిక్ కళకళలాడేది. మెడలు పట్టుకుని కొందరు, వేళ్లు తిమ్మిరెక్కి కొందరు. "సైకిల్ ఎవురు సరిచేసినారు?" అని నేను అడగడం, "సార్" అని వాళ్లు భక్తిగా చెప్పడం. ఊళ్లో నాకు ఇంత గిరాకీ తెచ్చిపెట్టిన మనిషి మరొకరు లేరు. ఈ ఒక్క మేలూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

వాళ్లలో మునిరత్నం కథ వేరు. మునిరత్నానికి గాంధీరోడ్డులో బట్టల కొట్టు ఉంది. నగరి నుంచి లుంగీలు, చీరలు తెచ్చి అమ్ముతాడు. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. కొట్టుకొచ్చి ఏమీ కొనకుండా పోయేవాళ్లకు కూడా మజ్జిగ ఇచ్చి పంపుతాడు. ఒకరోజు క్లినిక్‌కు వచ్చి కుడిచెయ్యి నా ముందు పెట్టాడు.

"చిటికెనేలు, దాని పక్కేలు నావి కాదన్నట్టు ఉండాయి మేడం. గుడ్డ కోస్తా ఉంటే కత్తెర జారిపోతా ఉండాది. నిన్న ఒకామె చీర అడ్డంగా కోసేసినాను."

సైకిల్ తెప్పించి చూశాను. ఒంటి బరువంతా అరచేతుల మీద పడేలా హ్యాండిల్ పాతాళానికి దిగి ఉంది. ఉంగరాలన్నీ కిందికి వేసి హ్యాండిల్ లేపి, "చేతుల మీద బరువు తగ్గితే నరం అదే కోలుకుంటాది. ఇట్లే ఉంచు" అన్నాను. సరేనని తలూపాడు. ఆదివారం సార్ చూశాడు.

"ఎవురు లేపింది?"

"మేడం, సార్."

"మేడం ఎముకల్ని సూస్తాది, నేను గాలిని సూస్తాను. నువ్వు గాలికి అడ్డంగా తలుపు మాదిరి కూర్చుంటే ముందుకు యాడ పోతావు?" అని మళ్లీ దించేశాడు. మునిరత్నం సరేనని తలూపాడు.

సోమవారం నేను లేపేదాన్ని, ఆదివారం ఆయన దించేవాడు. ఆ స్టెమ్ బోల్టుల తలలు అరిగిపోయాయి. మధ్యలో మునిరత్నం వేళ్లు ఒకవారం బతికేవి, ఒకవారం చచ్చేవి. ఓపిక నశించి చంద్రగిరిలో అందరి ముందూ అడిగేశాను.

"సార్, ఆయప్పకు చేతులు తిమ్మిరెక్కతా ఉండాయి. దయచేసి దించద్దండి."

"అలవాటు లేకమ్మా. కొత్త చెప్పు కరవదా?"

"కరిచే చెప్పును ఇడిసిపెడతాం సార్. కాలు కోసుకోం."

ఆయన నవ్వి, ఫోన్ తీసి, ఏదో దేశంలో జరిగిన పందెం చూపించాడు. "ఈ పిల్లోళ్లను సూడు, ఎట్ల వంగినారో."

"వాళ్లు పిల్లోళ్లు కాబట్టే వంగినారు. పందెం అయిపోతానే మాలీషు చేసేదానికి వాళ్లకు మనుషులుంటారు. మునిరత్నం పొద్దుగూకే దాకా కొట్లో నిలబడే మనిషి సార్."

"మాలీషుకు ఆయప్పకు నువ్వు లేవా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మునిరత్నం కూడా నవ్వాడు.

తర్వాత మామిడికాయల కాలం వచ్చింది. బంగారుపాళ్యం పల్పు ఫ్యాక్టరీలకు కాయలు మోసే ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి పోతుంటాయి. ఆ ఆదివారం చిత్తూరు దాకా పోదామని బయలుదేరాం. పూతలపట్టు కూడలి దగ్గర ముందు పోతున్న కాయల ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. మునిరత్నం బ్రేకు పట్టాననుకున్నాడు. వేళ్లు పట్టలేదు. నేరుగా పోయి ట్రాలీ వెనక చెక్కకు గుద్దుకుని పడ్డాడు. పైనుంచి నాలుగు కాయలు అతని మీద రాలాయి.

ట్రాక్టరు డ్రైవరు దిగి అరిచాడు. "యోవ్, ఆ సైకిలుకు బ్రేకులుండవా?"

"బ్రేకులుండాయప్పా. చేతులే లేవు" అన్నాడు మునిరత్నం, పడుకునే.

భుజం దగ్గర కాలరు ఎముక విరిగిందని చూడగానే తెలిసింది. తువ్వాలుతో చెయ్యి ఛాతీకి కట్టాను. అందరికంటే ముందు పోతున్న సార్ అప్పటికి వెనక్కి తిరిగి వచ్చాడు. వచ్చినవాడు మొదట సైకిల్ దగ్గరికి పోయాడు. గుద్దుకున్నప్పుడు హ్యాండిల్ పక్కకు తిరిగిపోయింది. ముందు చక్రాన్ని కాళ్ల మధ్య పట్టుకుని దాన్ని నిటారు చేశాడు. ఒక కన్ను మూసి చూసుకున్నాడు. కీ తీసి బిగించాడు. ఆ తర్వాత మనిషి దగ్గరికి వచ్చాడు. ఆయన గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా, నాకు గుర్తొచ్చేది ఆ వరుసే.

చిత్తూరు ఆసుపత్రిలో చేర్చాం. ఎముకకు కట్టు వేశారు. సాయంత్రం సార్ పండ్లు తీసుకుని వచ్చాడు. మునిరత్నం మంచం తల వైపు ఎత్తి ఉంది, కాస్త ఆనుకుని ఉన్నాడు. సార్ గుమ్మంలో ఆగి, కన్ను మూసి, మంచాన్ని చూసి "ప్చ్" అన్నాడు. నేరుగా మంచం కాళ్ల దగ్గరికి పోయి, అక్కడున్న తిప్పుడు పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. మంచం దిగుతుంటే మునిరత్నం భుజం లాగి కెవ్వుమన్నాడు.

"తల ఎత్తులో పెట్టుకుంటే ఎముక అతకదప్పా. కొంచెం ఓర్చుకో. ఇంగొంచెం."

మునిరత్నం భార్య అప్పటిదాకా కొంగు నోట్లో కుక్కుకుని మూల నిలబడి ఉంది. వచ్చి ఆయన చేతిలోంచి పిడి లాక్కుని, మంచాన్ని మళ్లీ ఎత్తింది.

"సైకిల్ దించినారు, సరే. మంచమన్నా ఇడిసిపెట్టండి సార్" అంది.

సార్ పండ్ల సంచి కిటికీ మీద పెట్టాడు. "స్టెమ్ తప్పు కాదమ్మా అది. బ్రేకు పిడి వంపులో ఉండాది తప్పు. నేను సూసినాను" అని గోడకు చెప్పి వెళ్లిపోయాడు. మునిరత్నం తప్పంతా తన వేళ్లదే అన్నట్టు వాటివైపు చూసుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, రోగులెవరూ లేని వేళ చూసుకుని, సార్ నా క్లినిక్‌కు వచ్చాడు. ఉక్కపోస్తున్నా మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. అటూ ఇటూ చూడాలనుకున్నాడు గానీ మెడ తిరగలేదు. మనిషి మొత్తం తిరిగి గదంతా చూసుకుని కూర్చున్నాడు.

"మా ఇంటామెకు మెడ నొప్పమ్మా."

"పిల్చుకోని రండి సార్, చూస్తాను."

"రాదు. సిగ్గు. నాకు చెప్తే నేను పోయి చెప్తాను."

"యాడ నొప్పి?"

"ఈడ మొదలై, ఇట్ల భుజం మీదికి దిగి, చేతిలోకి జివ్వుమని పోతాది" అని తన ఒంటి మీదే చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ "అబ్బా" అని పళ్లు కొరికాడు.

"ఆమె సైకిల్ తొక్కతాదా సార్?"

మెడ మీది తువ్వాలు సవరించుకున్నాడు. "లేదు. కుట్టుమిషను."

"వంగి కుట్టతా ఉంటుంది. మిషను ఎత్తు లేపమని చెప్పండి."

"మిషను ఎత్తు ఎట్ల లేపేది?"

"కింద ఉంగరాలు వేయమనండి సార్."

ఆయన నావైపు చూశాడు. నేను ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. ఆసుపత్రి మంచం నా కళ్లముందే ఉంది, అయినా నవ్వలేదు. అలా ఎలా ఉండగలిగానో ఇప్పటికీ తెలియదు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్ని?"

"ఉండేవన్నీ."

ఇంటామెకు నేర్పాలి కాబట్టి వ్యాయామాలన్నీ ఆయన మెడతోనే చేయించాను. ఇంటామె కండరాలు ఎక్కడెక్కడ బిగుసుకున్నాయో ఆయన భుజాల మీదే వెతికి పట్టుకుని నొక్కాను. రాళ్లలాగా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ మడిచిన గొడుగు లోపల ఇంత నొప్పి ఉందా అనుకున్నాను. జాలి వేసింది. వెంటనే మునిరత్నం గుర్తొచ్చి, వేసిన జాలి సగానికి తగ్గింది. అప్పుడప్పుడూ అదే వేళకు వచ్చేవాడు. "ఆమెకు కొంచెం మేలమ్మా" అనేవాడు. "సంతోషం సార్" అనేదాన్ని.

నగరిలో మరమగ్గాల పనివాళ్లకు నడుము నొప్పుల శిబిరం పెట్టి, ఒకరోజు పొద్దున్నే కారులో బయలుదేరాను. పుత్తూరు దాటాక ముందు ఒక సైకిల్ పోతోంది. నిటారుగా కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎవరో పాలాయన తీరిగ్గా పోతున్నాడనుకున్నాను. దాటేటప్పుడు చూస్తే సార్. హ్యాండిల్ ఎంత లేపవచ్చునో అంతా లేపి ఉంది. కొండలవైపు చూసుకుంటూ, తల అటూ ఇటూ తిప్పుకుంటూ, పెద్దగా ఏదో పాడుకుంటున్నాడు. పాట అధ్వానంగా ఉంది. మనిషి మాత్రం అంత సుఖంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. తెలిసినవాళ్లు కనిపించకూడదని సైకిల్‌ను కారులో వేసుకుని అంతదూరం వచ్చాడని తర్వాత అర్థమైంది.

ముందున్న టీ కొట్టు దగ్గర కారు ఆపి నిలబడ్డాను. ఆయన కూడా అక్కడే ఆగాడు. దిగాక నన్ను చూశాడు. గబుక్కున సైకిల్ ముందుకు వచ్చి, హ్యాండిల్ కనపడకుండా అడ్డం నిలబడ్డాడు.

"ఇది నా సైకిల్ కాదమ్మా. మా తమ్మునిది."

"అట్లనా సార్. తమ్మునికి మెడ ఎట్లుండాది?"

ఆయన మీసం కదిలింది. "బాగుండాదమ్మా" అన్నాడు. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, "శానా బాగుండాది" అన్నాడు.

ఇద్దరం టీ తాగాం. నన్ను చూడకుండా కొండల్ని చూస్తూ మాట్లాడాడు.

"మా తమ్మునికి ఒక ఇబ్బంది వచ్చిందమ్మా. వాడు శానామందిని వంచినాడు. ఇప్పుడు వాడే లేచి కూర్చుంటే ఆ వంగినోళ్లంతా ఏమనుకుంటారు?"

"వాళ్లూ లేచి కూర్చుంటారు సార్. మెడలు బాగుపడతాయి."

"బాగుపడతాయి" అని ఒప్పుకున్నాడు. "వాని మాట పోతాది."

"ఒకాయప్ప ఎముక పోయింది సార్."

గ్లాసు అడుగున మిగిలిన టీ నేల మీద పారబోశాడు. నేను కారెక్కేదాకా సైకిల్‌కు అడ్డంగానే నిలబడ్డాడు.

మార్పు వస్తుందేమోనని ఆదివారం ఆశగా పోయాను. సార్ వచ్చాడు. హ్యాండిల్ అడుగున ఉంది. వీపు బల్లపరుపుగా ఉంది. దవడలు బిగించి, చెమటలు కక్కుతూ అందరికంటే ముందు తొక్కాడు. చంద్రగిరిలో గ్రూపుకు కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి సైకిల్ దగ్గర ఆగి, కన్ను మూసి, "పాలు పొయ్యేదానికి పోతా ఉండావా అప్పా?" అన్నాడు. కీల గుత్తి గలగలమంది. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. నా కళ్లలోకి చూడకుండానే పని పూర్తి చేశాడు. ఆదివారం ముందు దించుకునేవాడు, ఆదివారం గడిచాక లేపుకునేవాడు. నేను మునిరత్నానికి చేసింది, ఆయన మునిరత్నానికి చేసింది, రెండూ తనకు తానే చేసుకుంటూ కాలం గడిపాడు. అలాగే పోయాడు.

కబురు తెలిసిన సాయంత్రం వాళ్లింటికి పోయాను. ఆయన భార్యను చూడడం అదే మొదటిసారి. నిబ్బరంగా కూర్చుని ఉంది. వచ్చిన ప్రతివాళ్లవైపూ సునాయాసంగా మెడ తిప్పి పలకరిస్తోంది. నా పేరు చెప్పగానే చెయ్యి పట్టుకుంది.

"నా మెడ నొప్పికి మీ దగ్గరికే గదమ్మా వస్తా ఉన్నాడు?"

"అవునమ్మా" అన్నాను.

"పాపం, నాకు లేని నొప్పికి ఎంత తిరిగినాడో" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, రెండూ ఒకేసారి జరిగాయి. "ఇంట్లో కూడా అంతే. కడుపులో మంటగా ఉంటే, నీకు కడుపులో మంటగా ఉండాది మజ్జిగ తాగు, అని నాకు చెప్తాడు. నేను ఆయనకు మజ్జిగ ఇస్తాను. అట్లే గడిచిపోయిందమ్మా."

గ్రూపువాళ్లు ఊరుకోలేదు. సార్ జ్ఞాపకార్థం అందరం పూతలపట్టు దాకా తొక్కాలన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆయనకు అసలైన నివాళి అంటూ, అందరూ హ్యాండిళ్లు సార్ లెవెల్‌కు దించుకుని రావాలని తీర్మానించారు. నేను బాగా లేపిన హ్యాండిల్‌తోనే పోయాను. జూపార్కు రోడ్డులో చూస్తే అందరికంటే కిందికి దిగిన హ్యాండిల్ మునిరత్నానిది. ఎముక అతికి, వేళ్లు బాగుపడి, నెలలుగా సుఖంగా తిరుగుతున్న మనిషి.

"ఏమప్పా ఇది?" అన్నాను.

"సార్ కోసరం, ఈ ఒక్కనాటికి మేడం" అన్నాడు.

చంద్రగిరి దాకా ఉత్సాహంగానే తొక్కారు. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి. పూతలపట్టు చేరేసరికి ఒకరు మెడ పట్టుకున్నారు, ఒకరు చేతులు విదిలించుకుంటున్నారు. బ్యాంకు ఉద్యోగి రోడ్డు పక్క రాయి మీద కూర్చుని తల పైకెత్తలేకపోతున్నాడు. టీ వచ్చింది. అప్పుడు బ్యాంకు ఉద్యోగి మెల్లగా జేబులోంచి అలెన్ కీ తీసి, అటు తిరిగి, బోల్టు వదులు చేయబోయాడు.

"ఏం చేస్తా ఉండావప్పా?" అని ఎవరో గద్దించారు.

"ఒక్క ఉంగరమే..."

"సార్ కోసరం వచ్చి సార్ మాట తీసేస్తావా?"

అతను కీ దాచేసుకున్నాడు. అందరూ అతని వైపు అసహ్యంగా చూశారు, అందరి కళ్లూ ఆ కీ ఉన్న జేబు మీదే ఉన్నాయి. ఇంకా తిరుగు ప్రయాణం మొత్తం మిగిలి ఉంది.

రోగి సంగతులు బయటికి చెప్పకూడదన్నది మా వృత్తిలో నియమం. ఆలోచించాను. ఆయన నా దగ్గరికి రోగిగా రానేలేదు, ఇంటామె నొప్పికి వచ్చాడు. ఆ ఇంటామెకు నొప్పి లేదు. ఇక నగరి రోడ్డులో నేను చూసింది నలుగురూ తిరిగే చోట జరిగింది, దారిన పోయే ఎవరైనా చూడొచ్చు.

"లేపుకోండప్పా" అన్నాను. "మీ సారే లేపుకున్నాడు. పుత్తూరు అవతల, నగరి రోడ్డులో, హ్యాండిల్ నిండా లేపుకోని, పాటలు పాడుకుంటా తొక్కతా ఉంటే నా కండ్లతో చూసినాను. ఆయనకు మెడ నొప్పి. మీ అందరికంటే ఎక్కువ నొప్పి."

అందరూ నావైపు చూశారు. మునిరత్నం టీ గ్లాసు కింద పెట్టి, ఎంతో మెత్తగా నవ్వాడు.

"మా బాధ సూడలేక మీరు అట్ల సెప్తా ఉండారు మేడం."

"నిజంగా చూసినానప్పా."

"సారా? హ్యాండిల్ లేపుకోనా? పాట పాడుకుంటానా?"

ఒకరి తర్వాత ఒకరు అందరూ నవ్వారు. పాట దగ్గర మరీ నవ్వారు. "మీకు ఆయనంటే మొదట్నించీ పడదు. పోయినాడు గదా, ఇంగ ఇడిసిపెట్టండి మేడం" అన్నాడు ఇందాక గద్దించినాయన. ఊరికే అబద్ధాలాడే పిల్లను క్షమించినట్టు నన్ను క్షమించారు.

నవ్వులు తగ్గాక మునిరత్నం మెడ రుద్దుకున్నాడు. "అయినా సార్ లెవెల్ వేరు మేడం. ఆ ఒంపు ఆయనకే సాధ్యం. మనకు యాడ వస్తాది? మనం మామూలు మనుషులం" అన్నాడు.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అన్ని జేబుల్లోంచీ కీలు బయటికి వచ్చాయి. మామూలు మనుషులమని ఒప్పుకున్నాక ఇక ఎవరికీ సిగ్గు లేదు. బోల్టులు వదులయ్యాయి, ఉంగరాలు కిందికి పోయాయి, హ్యాండిళ్లు లేచాయి. ఒకరి సైకిల్ ఒకరు పట్టుకుని సాయం చేసుకుంటూ, ఆయన వీపు ఎంత బల్లపరుపుగా ఉండేదో, ఒక్కసారి కూడా అమ్మా అనకుండా ఎలా తొక్కేవాడో చెప్పుకున్నారు. బ్యాంకు ఉద్యోగికి అన్ని ఉంగరాలూ మునిరత్నమే వేసిపెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు అందరూ హాయిగా నిటారుగా కూర్చుని, దారి పక్క మామిడితోటలు చూసుకుంటూ, పక్కవాళ్లతో కబుర్లాడుకుంటూ తొక్కారు. ఎవరికీ ఎక్కడా నొప్పి లేదు. తిరుపతి చేరేదాకా ఒకటే మాట. సార్ మాత్రం ఒక్కనాడూ లేపలేదు.